ఐదో మాటకు ముందు

మూడో మాట ఇంకా అవలేదు. రిటైరైన హెడ్మాస్టరు గారికి పదిహేను నిమిషాలిస్తే ముప్ఫై తీసుకుంటారని సంఘంలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు, అయినా ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఏడు మాటల్లో ఒకటి ఆయనకి రాసిపెట్టి ఉంటుంది, నాలుగేళ్లుగా ఐదో మాట ప్రేమమణికి రాసిపెట్టి ఉన్నట్టు. సిలువ మీద ప్రభువు పలికినవి ఏడు మాటలు, ఆ ఏడింటి మీదా ఏడుగురు లేచి మాట్లాడతారు, పన్నెండింటికి మొదలుపెట్టి మూడింటికి ముగిస్తారు, ఐదోది దాహమన్న మాట. చిన్న మాట. ఏప్రిల్ ఎండలో, సికింద్రాబాదులో, మిట్టమధ్యాహ్నం దాహం గురించి జనానికి విడమరిచి చెప్పాలా అనుకుంది ప్రేమమణి మొదటి ఏడు. ఆమె చెప్పేదాని కోసం కాదు, చెబుతూ చెబుతూ ఏడ్చేదాని కోసం అందరూ ఎదురుచూస్తారని రెండో ఏటికి తెలిసింది. ఇప్పుడు గోడ మీద గడియారం ఒంటి గంట పది. స్త్రీల వైపు రెండో బల్ల, నడవ పక్క చివరి చోటు, తెల్ల చీర, ఒళ్ళో చేతిసంచీ. ఆ సంచీ లోపలి అరలో ఐదు బుల్లి ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోటి చిటికెన వేలి గోరంత, పైమూత తుంచి కళ్లలో చుక్క వేసుకుని పారేసేవి. పొద్దున ఆరింటికి ఒకటి వేసుకుంది. పదింటికి వేసుకోవలసింది వేసుకోలేదు. మూడు గంటలుగా కళ్లలో ఇసుక పోసి ఎవరో నలుపుతున్నట్టుంది, కనురెప్ప పైకి లేచినప్పుడల్లా గుడ్డుకి అంటుకుని, ఇష్టం లేకుండా ఊడివస్తోంది.

నిన్న సాయంత్రం ప్రిసిల్లా ఫోన్ చేసింది. ప్రిసిల్లా స్త్రీల సమాజానికి పదకొండేళ్లుగా అధ్యక్షురాలు, ఇప్పుడు ఇదే బల్ల మీద పక్కనే కూర్చుని ఉంది, హెడ్మాస్టరు గారి ప్రతి వాక్యానికీ తల ఊపుతూ, మధ్యమధ్య ఓరచూపుతో ప్రేమమణి మొహంలోకి చూస్తూ, పాలు పొంగాయా లేదా అని చూసినట్టు. ఫోన్లో మొదట తెల్లచీరల సంగతి మాట్లాడింది, తర్వాత రెజిమెంటల్ బజారు నించి అద్దెకి తెప్పించిన కూలర్ల సంగతి, ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చింది. "రేపొక్క రోజు ఆ చుక్కలు మానెయ్ వదినా. దేవుడిచ్చిన వరాన్ని మందేసి ఆపుకుంటారా ఎవరన్నా?" ప్రేమమణి ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే అని ఇద్దరికీ తెలుసు. పొద్దున పదింటికి వంటింట్లో గొట్టం చేతిలోకి తీసుకుని, మూత తుంచబోయి, మళ్లీ సంచీలో పెట్టేసింది. ఎందుకు పెట్టేశావే అని ఇప్పుడు తనని తనే అడుగుతోంది. యాభై మూడేళ్లొచ్చాయి, బేగంపేటలో బీమా ఆఫీసులో ముప్ఫై మందికి పని చెబుతుంది, క్లెయిము కాగితాల్లో దొంగ సంతకం ఇట్టే పట్టేస్తుంది, పెద్ద ఆఫీసరు తప్పంటే తప్పని మొహం మీదే చెబుతుంది, ఆ మనిషి వంటింట్లో ఒక బుల్లి గొట్టం పట్టుకుని దొంగలా వెనక్కి దాచింది. సిగ్గుగా ఉంది. మంటగా కూడా ఉంది, రెండిట్లో ఏది ఎక్కువో చెప్పడం కష్టం.

వరం. ఎలా మొదలైందీ వరం. నాలుగేళ్ల కిందట మొదటిసారి ఐదో మాట చెప్పడానికి లేచినప్పుడు కాగితం మీద రాసుకున్నది కనబడలేదు, ప్రసంగం చెప్పే పల్పిట్ పక్కన కాలేబు కూలర్ పెట్టాడు, అది సరిగ్గా మాట్లాడేవాళ్ల మొహం మీదికి హోరుమని కొడుతోంది. కాలేబు చర్చి కావలివాడు, మంచివాడు, ఎండలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే చల్లగా ఉండాలని అతని తాపత్రయం. రెండు నిమిషాలు కాలేదు, కుడి కంటి నించి ఒక ధార, ఎడమ కంటి నించి ఒక ధార, తుడిస్తే మళ్లీ, తుడిస్తే మళ్లీ. మాట ఆగిపోయింది. ఎదురుగా ముందు బల్లల్లో ముసలమ్మలు వెక్కడం మొదలుపెట్టారు, వాళ్లని చూసి వెనక బల్లలు, మగవాళ్ల వైపు నించి కూడా ముక్కులు చీదే చప్పుళ్లు, పాస్టరు అయ్యగారు చివరి ప్రార్థనలో కన్నీటి సాక్ష్యం అన్నారు, అంతే, ఆ రోజు నించి ఆమె కన్నీళ్ల ప్రేమమణి. నిజం చెప్పొద్దూ, ఆ రోజు తనూ నమ్మింది. ఆత్మ కదిలించింది కాబోలనుకుంది, ఇంటికెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. వారం తిరక్కుండా ఫ్రిజ్ తలుపు తీస్తే కళ్లు కారాయి. భర్త రిచర్డ్ స్కూటర్ వెనక కూర్చుని నేరేడ్‌మెట్ చౌరస్తా దాటేలోపు చెంపలు తడిసిపోయాయి. ఆఫీసులో తన కుర్చీ నెత్తిన ఏసీ గొట్టం ఉంది, దాని కింద కూర్చుని పొద్దుటి నించి సాయంత్రం దాకా స్క్రీన్ చూస్తే సాయంత్రానికి దస్తీ పిండాల్సి వచ్చేది. టమాటాలు తీయడానికి ఫ్రిజ్ తెరిస్తే ఆత్మ దిగివస్తుందా? తెలుసు, ఎక్కడో లోపల అప్పుడే తెలుసు. కానీ ఎవరింట్లో జబ్బు చేసినా ప్రేమమణక్కని పిలవండి, కన్నీళ్లతో ప్రార్థిస్తుంది అని పిలుస్తున్నారు. ఆస్పత్రి మంచాల పక్కన, కొత్త ఇంటి గడపల మీద, పరీక్షలు రాసే పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థిస్తే ఎక్కడో ఒక ఫ్యాను ఉండనే ఉంటుంది, కళ్లు కారనే కారతాయి, అందరూ కృతజ్ఞతగా చూస్తారు. అలా చూస్తే ఎవరికి చేదు? తనకి చేదు కాలేదు, ఒప్పుకోవాలి, బాగుండేది. ఆఫీసులో అమ్మో మేడమ్ అని తప్పుకుపోయేవాళ్లే అందరూ, ఇక్కడ మాత్రం చెయ్యి పట్టుకుని వదిలేవాళ్లు కాదు.

హెడ్మాస్టరు గారు ఇప్పుడు తల్లి గురించి చెబుతున్నారు, సిలువ కింద నిలబడ్డ తల్లి ఎంత ఏడ్చి ఉంటుందో చెబుతున్నారు. ఏడ్చిందని ఎవరు చూశారు? నిలబడిందని తెలుసు. నిలబడడం చాలదా ఆయనకి? కళ్లు గట్టిగా మూసుకుంది ప్రేమమణి. మూస్తే హాయి, తెరిస్తే మంట. నిండుగా మూయాలమ్మా అనేది భవాని. మనం రెప్ప వేస్తున్నామనుకుంటాం గాని స్క్రీన్ ముందు కూర్చుంటే రెప్ప సగంలోనే ఆగిపోతుంది, కిందిదాకా దిగదు, కింద సగం కన్ను ఎండకి వదిలేసిన చేనులా ఉండిపోతుంది. భవాని కళ్ల ఆస్పత్రిలో పరీక్షలు చేసే అమ్మాయి, ముప్ఫై ఉండవు, వరంగల్ వైపు మాట. డిసెంబరులో అక్షరాలు అలుక్కుపోయి, ఒకటి రెండుగా కనబడి, ఒక పెద్ద క్లెయిములో ఒక సున్నా చూడకుండా వదిలేస్తే, ఆ భయానికి వెళ్లింది అక్కడికి. ముందు కన్ను మొద్దుబారే చుక్క వేసింది భవాని, తర్వాత గీతలున్న కాగితపు ముక్కలు రెండు తీసి, ఒక్కోటీ కింది రెప్ప లోపలికి వంచి తగిలించింది. ఐదు నిమిషాలు కళ్లకి రెండు చీటీలు వేలాడేసుకుని కూర్చోవాలి. ఎదురుగా అద్దంలో చూసుకుంటే ధర రాసి అంగట్లో పెట్టిన బొమ్మలా ఉంది తను. ఇంకేముంది, చీటీలు తడిసి ముద్దవుతాయి, కన్నీళ్ల ప్రేమమణి కదా, వాళ్లకి కాగితాలు సరిపోవేమో అని లోలోపల గర్వపడింది కూడా. ఐదు నిమిషాలయ్యాక భవాని చీటీలు తీసి వెలుతురులో పట్టుకుని చూపించింది. పదో గీత దాకా రావలసిన తడి నాలుగో గీత దగ్గరే ఆగిపోయి ఉంది. "ఇదేనమ్మా మీ అసలు తడి. గా కారేదంతా మంటకొచ్చే నీళ్లు, అవి కంటిమీద నిలవయి."

అంటే ఏంటని అడిగితే పచ్చడి జాడీ సంగతి చెప్పింది. పచ్చడి మీద నూనె తేలకపోతే ఏమైతది, పైన ఎండుతది గదా, కన్ను గూడ గంతే, రెప్పల అంచుల సన్నటి నూనె గ్రంథులుంటయి, అవి మూసుకపోతే మీద నూనె పొర ఉండది, ఉన్న తడి రెండు సెకన్లల్ల ఆరిపోతది, కన్ను ఎండి మండంగనే లోపలి నించి పరేషానై నీళ్లు బకెట్లకు బకెట్లు పంపుతది, అవి జారిపోతయి తప్ప పని చెయ్యయి. కళ్లు ఎండిపోయాయి కాబట్టే కారుతున్నాయట. పసుపు రంగు వేసి నీలం దీపంలో చూసిన డాక్టరమ్మ ఇంకా సూటిగా చెప్పింది, నల్లగుడ్డు మీద సన్న గీతలు పడ్డాయి, ఈ వయసులో, నెలసరి ఆగాక, ఆడవాళ్లకి ఇది మరీ ఎక్కువ, పైన ఏసీ, ఎదురుగా స్క్రీన్, తుమ్ములకని ఏడాదిగా మింగుతున్న జలుబు మాత్ర, అన్నీ కలిశాయి, ఇలాగే వదిలేస్తే గీతలు పుండ్లవుతాయి, చూపు మసకబారితే మళ్లీ రావడం కష్టం. తగ్గుతుందా అంటే పూర్తిగా పోయే జబ్బు కాదు, రోజూ చూసుకుంటే అదుపులో ఉండేది, బీపీలాగా అంది. మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చి ఆటో కోసం నిలబడితే దుమ్ముకి కళ్లు కారాయి, పక్కన బస్సు కోసం నిలబడ్డ ముసలామె ఊరుకో బిడ్డా అని భుజం తట్టింది. జాలిపడ్డ మనిషిని కసరడానికి నోరు రాలేదు గానీ, లోపల కోపం కుతకుతలాడింది. ఎవరి మీదో ఆ రోజు తెలియలేదు.

మగవాళ్ల వైపు మూడో బల్లలో రిచర్డ్ కునుకు తీస్తున్నాడు, రైల్వేలో ముప్ఫై ఆరేళ్లు రాత్రి డ్యూటీలు చేసిన మనిషి, ఎక్కడ నీడ దొరికితే అక్కడ నిద్రపోగలడు. నాలుగు నెలలుగా పొద్దున్నే వేడినీళ్లలో తువ్వాలు ముంచి, పిండి, తన చెంపకి ఆనించి వేడి చూసి, ఆమె కళ్ల మీద వేసేది ఆయనే. పది నిమిషాలు, చల్లారితే మళ్లీ ముంచి. తర్వాత వేలితో రెప్ప అంచు మీద పై నించి కిందికి, కింద నించి పైకి మెల్లగా నొక్కాలి, అంచులు తుడవాలి, చుక్కలు నాలుగు గంటలకోసారి, రాత్రి పడుకునే ముందు జిగురు మందు. ఆఫీసులో బిక్షం అనే ఎలక్ట్రీషియన్ని పట్టుకుని ఏసీ గాలి అటు తిరిగేలా అట్ట ముక్క కట్టించుకుంది, ఇరవై నిమిషాలకోసారి కిటికీ లోంచి మెట్రో స్తంభాలు చూస్తుంది, జలుబు మాత్ర డాక్టరమ్మ మార్చింది, గట్టిగా పది సార్లు రెప్పలు వేసుకుంటుంది, పక్క టేబిల్ హరికిషన్ మొదట్లో మేడమ్ నాకు కన్ను కొడుతున్నారని నవ్వాడు, ఇప్పుడు అతనూ వేసుకుంటున్నాడు. జనవరి చివరికి ఇసుక పోయింది. ఫిబ్రవరిలో ఒక రాత్రి దీపం కింద నలభై పేజీలు ఆగకుండా చదివింది, చదివి, దుప్పటి లాక్కుని పడుకున్న రిచర్డ్‌ని లేపి మరీ చెప్పింది. ఆయన ఒకటే అన్నాడు, నీ కళ్లు నీవి మణీ, ప్రిసిల్లాక్కవి కావు అని. అప్పటికే ప్రార్థన కూటాల్లో గుసగుసలు మొదలయ్యాయని ఆయనకెలా తెలిసిందో. ఎవరిదో కొత్త ఇంట్లో గంట సేపు ప్రార్థించింది తను, మనసు పెట్టి, నాలుగేళ్లలో ఎన్నడూ లేనంతగా మనసు పెట్టి, ఎందుకంటే మొదటిసారి కళ్లు తుడుచుకునే పని లేదు కాబట్టి. బయటికొస్తుంటే చెప్పులు వెతుక్కుంటూ ఇద్దరు మాట్లాడుకోవడం వినబడింది. ఇదివరకటిలా లేదు, ఆత్మ తగ్గింది, ఏ పాపం చేసిందో అని. వేడి తువ్వాలు పాపం, అంది మనసులో. బయటికి అనలేదు. అక్కడ కూడా అనలేదు.

పాట. అందరూ లేచారు, తనూ లేచింది. హెడ్మాస్టరు గారు చివరికి దిగారు, నాలుగో మాట బ్యాంకు మేనేజరుది, ఆయన క్లుప్తంగా మాట్లాడతాడు, ఇంక ఎంతో సేపు లేదు. లేచినప్పుడు తల తిప్పి వెనక్కి చూసింది. చివరి బల్లలో, ద్వారం పక్కన, చెప్పుల దగ్గర, షెకీనా. లేత నీలం చుడీదారు వేసుకుంది, తెల్లచీర కాదు, పాడడం లేదు. క్వాయరులో మొదటి వరసలో పాడే పిల్ల, అక్టోబరు తర్వాత గుడికి రావడమే మానేసిన పిల్ల, ఇవాళ ఎందుకొచ్చిందో. ప్రేమమణి కూర్చోవలసిన చోట ఒక క్షణం అలాగే నిలబడిపోయింది, ప్రిసిల్లా కొంగు పట్టి లాగితే కూర్చుంది.

అక్టోబరులో షెకీనా వాళ్లమ్మ పోయింది. రెండేళ్లు డయాలిసిస్, వారానికి మూడు సార్లు, తండ్రి లేడు, అంతా ఆ పిల్లే. భూస్థాపన రోజు వాళ్ల ఇంట్లో అమ్మని ఉంచిన గాజు పెట్టె చుట్టూ ఆడవాళ్లు, నెత్తిన గిర్రున తిరిగే ఫ్యాను, దానికి తోడు తలాపున ఒక పెద్ద నిలువు ఫ్యాను. ప్రేమమణి దానికి ఎదురుగా కూర్చుంది, కూర్చోబెట్టారు. ఇంకేం, ధారలు. షెకీనా మాత్రం కూర్చోలేదు. అంబులెన్సుకి ఫోన్లు, సమాధుల తోటలో గుంట తవ్వేవాళ్లకి ఫోన్లు, ఎవరికి టీ అందలేదు, అమ్మకి కట్టాల్సిన చీర ఏ బీరువాలో ఉంది, మందుల షాపువాడికి మిగిలిన ఇంజక్షన్లు తిరిగి ఇవ్వాలి, ఒక్క చుక్క కన్నీరు లేకుండా, పెదాలు బిగించి, ఆ గదిలోకీ ఈ గదిలోకీ తిరుగుతూనే ఉంది. ఏడవడానికి ఆ పిల్లకి తీరికెక్కడిది. కానీ పెట్టె చుట్టూ కూర్చున్నవాళ్లకి తీరికకేం కొదవ, ఒకరు కాదు ఇద్దరు కాదు, అందరూ చూశారు, చూసి ఒకళ్లతో ఒకళ్లు అన్నారు, షెకీనాకి వినబడేలాగే అన్నారు. పరాయి మనిషి ప్రేమమణక్క అంతలా కుమిలిపోతుంటే కన్నకూతురు కళ్లు చూడండి రాళ్లలా ఉన్నాయి అని. ఆ మాట ప్రిసిల్లాది. ఆ మాట అంటూ ప్రేమమణి వీపు నిమిరింది. ప్రేమమణి నిమిరించుకుంది.

నవంబరులో నేరేడ్‌మెట్ ఇంటికి వచ్చింది షెకీనా. సోఫా అంచు మీద కూర్చుని, గ్లాసులో నీళ్లు తాగకుండా చేతిలో తిప్పుతూ, తల వంచుకుని చెప్పింది. "నాకు ఇప్పటిదాకా ఏడుపు రాలేదు ఆంటీ. మా అమ్మంటే నాకన్నా మీకే ఎక్కువ ప్రేమేమో." ప్రేమమణి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది, నెత్తిన ఫ్యాను తిరుగుతోంది, కళ్లు కారాయి, ఆ పిల్ల తలెత్తి ఆ తడి చెంపల్ని చూసింది. ఆ చూపు. అసూయ కాదు, కోపం కాదు, పరీక్ష తప్పినవాళ్లు పాసైనవాళ్ల మార్కుల కాగితాన్ని చూసే చూపు. అలా చూసి వెళ్లిపోయింది. సరే, నవంబరులో తనకి తెలియదనుకుందాం. డిసెంబరులో భవాని చీటీ చూపించాక తెలిసింది కదా. నాలుగో గీత దాటలేదని తెలిసింది కదా. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఇంటికి వెళ్లి, అమ్మా షెకీనా, ఆ రోజు నేను ఏడవలేదే, నా కళ్లకి జబ్బు, మీ అమ్మ కోసం నేను వేరే ఏడుపు ఏడ్చాను గానీ అందరూ చూసింది మాత్రం ఫ్యాను గాలికి కారిన నీళ్లే, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? పది నిమిషాలు. నాలుగు నెలలైంది. రోజూ పది నిమిషాలు వేడి తువ్వాలు వేసుకోవడానికి దొరికాయి, ఈ పది నిమిషాలు దొరకలేదు. చెబితే ఆ పిల్ల ఊరుకుంటుందా, పదిమందికీ తెలుస్తుంది, కన్నీళ్ల ప్రేమమణి ఉత్త కళ్లజబ్బు ప్రేమమణి అయిపోతుంది, అదీ అసలు భయం. ఆటో కోసం నిలబడిన రోజు లోపల కుతకుతలాడిన కోపం ఎవరి మీదో ఇప్పుడు తెలుస్తోంది, ఇంతకాలం దాన్ని ప్రిసిల్లా మీద అనుకుని తిరిగింది.

నాలుగో మాట నడుస్తోంది. చెయ్యి విడిచేశావేమని అడిగిన మాట. బ్యాంకు మేనేజరు గారు గడియారం చూసుకుంటూ మాట్లాడుతున్నారు. కుడి కన్ను మొదలుపెట్టింది, ముందు మూల వేడెక్కింది, తర్వాత ఒక చుక్క ముక్కు పక్క నించి జారి పై పెదవి మీద ఆగింది, ఉప్పగా. ఎడమ కన్ను కూడా. ఎదుటి బల్లల్లో మనుషులు మసకగా, జంటలుగా కనబడుతున్నారు. ప్రిసిల్లా చూసింది. చూసి, మొహం విప్పారి, ప్రేమమణి మోకాలి మీద చెయ్యి వేసి రెండు సార్లు తట్టింది, వస్తున్నాయి వదినా అని చెవిలో అంది, మెచ్చుకోలుగా, ప్రేమగానే. ప్రేమగా కాకపోతే ఏ గొడవా లేకపోయేది. ఆ చేతిని చూస్తూ కూర్చుంది ప్రేమమణి. ఇదే చెయ్యి గాజు పెట్టె పక్కన వీపు నిమిరింది. మంటకి కన్ను పెట్టే ఈ గగ్గోలుని చూసి మురిసిపోతున్న చెయ్యి. ఇంకో పావుగంటలో లేచి పల్పిట్ దగ్గరికి వెళితే చాలు, కూలర్ మిగతాది చూసుకుంటుంది, జనం ఏడుస్తారు, ఆత్మ తిరిగొచ్చింది అనుకుంటారు, చివరి బల్లలో ఆ పిల్ల మరోసారి ఆ చూపే చూస్తుంది, ఈసారి గుడి మానేస్తే ఇంక రాదు. నల్లగుడ్డు మీద ఇంకో గీత పడుతుంది. రేపు సోమవారానికి ఆఫీసులో అక్షరాలు మళ్లీ అలుక్కుపోతాయి. ఇదంతా ఎందుకు? అసలు దాహమన్న మాట అర్థమేంటని నాలుగేళ్లుగా చెబుతున్నావే నువ్వు? కాగితాలు కాగితాలు రాసుకున్నావు, ఆత్మల కోసం దాహం అన్నావు, పాపుల కోసం దాహం అన్నావు, ఒక్కసారన్నా నోరెండిన మనిషి నీళ్లడిగాడని చెప్పావా? అంతమంది శత్రువులు చూస్తుండగా, సిగ్గుపడకుండా, ఎండిపోయాను తడి కావాలని అడిగాడు. లోకాన్ని పుట్టించినవాడే అడిగాడు, బీమా ఆఫీసు ప్రేమమణికి వచ్చిందా నామోషీ. ఒళ్ళో ఉన్న కాగితాలు నాలుగు మడతలు పెట్టి సంచీలో తోసి, లోపలి అర జిప్పు తెరిచింది. ప్రిసిల్లా చెయ్యి మోకాలి మీద నించి చటుక్కున లేచింది. ఇప్పుడొద్దు వదినా అంది. ఇక్కడ కాదులే వదినా అంది ప్రేమమణి.

అయ్యగారు పేరు పిలిచారు. సంచీ పట్టుకుని నడవలోంచి నడుస్తుంటే చెంపల మీద తడి అందరికీ కనబడుతోంది, ముందు బల్లల్లో దస్తీలు అప్పుడే బయటికొస్తున్నాయి. మెట్లు రెండు. పల్పిట్ ఎక్కగానే కూలర్ గాలి ఎదురుగా వచ్చి కళ్ల మీద కొట్టింది, కళ్లు భగ్గుమన్నాయి. మైకు దగ్గరికి లాక్కుంది. "కాలేబన్నా, ఆ కూలర్ జనం వైపు తిప్పన్నా." కాలేబు పక్క తలుపు దగ్గర నించి పరిగెత్తుకొచ్చాడు, సల్లగ లేదా అమ్మా అన్నాడు, చల్లగానే ఉంది తిప్పు అంది. కూలర్ కిర్రుమంటూ తిరిగింది, ముసలమ్మల తెల్ల కొంగులు ఎగిరాయి. అప్పుడు సంచీ లోంచి గొట్టం తీసి, మూత తుంచి, గుడి మొత్తం చూస్తుండగా తల వెనక్కి వాల్చి, కింది రెప్ప వేలితో కిందికి లాగి కుడి కంట్లో ఒక చుక్క, ఎడమ కంట్లో ఒక చుక్క. కళ్లు మూసుకుని, ముక్కు పక్క మూలలు రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంది. ఒక నిమిషం అలా ఉండాలి, మందు గొంతులోకి జారిపోకుండా. నిమిషం ఇంత పొడుగ్గా ఉంటుందని ఆమెకి ఇంతవరకూ తెలియదు. వేళ్లు తియ్యలేదు. కళ్లలో చల్లదనం మెల్లగా పరుచుకుంది, ఇసుక కరిగింది. కళ్లు తెరిచేసరికి నిండిన మందులో కాస్త పొంగి చెంప మీదికి జారింది, ముందు బల్ల నించి ఎవరో గద్గదంగా స్తోత్రం అన్నారు, రెండో బల్ల నించి ప్రిసిల్లా ఆశగా అందుకుంది.

"ఇది కన్నీరు కాదు వదినా, చుక్కల మందు," అంది ప్రేమమణి మైకులో, చెంప తుడుచుకుంటూ. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రిచర్డ్ మేలుకుని సర్దుకుని కూర్చున్నాడు. నాలుగేళ్లు మీరు చూసింది కూడా కన్నీరు కాదు, నా కళ్లు ఎండిపోయే జబ్బు, గాలి తగిలితే కారతాయి, డిసెంబరు నించీ నాకు తెలుసు, చెప్పడానికి సిగ్గుపడ్డాను అని చెప్పింది. కొత్త ఇంట్లో కళ్లు తడవకుండా చేసిన ప్రార్థనే తన బతుకులో చేసిన మంచి ప్రార్థన అని చెప్పింది. తర్వాత చూపు చివరి బల్ల మీద నిలిపి, ఇంకొంచెం నెమ్మదిగా, ప్రతి మాటా అంత దూరం చేరేలా పలికింది. "షెకీనా, మీ అమ్మ పోయిన రోజు నేను ఫ్యానుకి ఎదురుగా కూర్చున్నాను. నువ్వు రెండేళ్లు ఆమె పక్కన నిలబడ్డావు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరి ప్రేమ ఎక్కువో చూడ్డం మాకెవరికీ చేతకాలేదు."

అయ్యగారు లేవాలా వద్దా అన్నట్టు కుర్చీ అంచుకి జరిగారు. వెనక ఆ నీలం చుడీదారు లేచింది, వెళ్లిపోతోంది అనుకుంది ప్రేమమణి, వెళ్లినా సరే, చెప్పింది చెప్పినట్టే. షెకీనా ద్వారం వైపు తిరగలేదు. నడవలోకి వచ్చి, తెల్లచీరల మధ్య నించి తల దించకుండా నడిచి, స్త్రీల వైపు రెండో బల్ల దగ్గర ఆగింది. నడవ పక్క చివరి చోటు, ప్రేమమణి లేచి వచ్చిన చోటు, ఖాళీగా ఉంది, దాని మీద ప్రిసిల్లా సంచీ ఉంది. షెకీనా ఏమీ అడగకుండా నిలబడింది. ప్రిసిల్లా పల్పిట్ వైపు చూసింది, పిల్ల వైపు చూసింది, చివరికి సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని జరిగింది. ఆ పిల్ల పొడి కళ్లతోనే కూర్చుని తలెత్తింది. ప్రేమమణి ఆ మొహాన్ని రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోబోయి, గుర్తొచ్చి, నిండుగా, కిందిదాకా, ఒకసారి రెప్పలు మూసి తెరిచి, దాహం గురించి చెప్పడం మొదలుపెట్టింది.